దారి చెప్పే ఇల్లు

తొలిసారి విమానం ఎక్కబోయే తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ ఈ పోస్టు.

మన విశాఖ ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది. చిన్నది, తప్పిపోయే భయం లేదు. భోగాపురం అలా కాదు, విజయనగరం జిల్లా. సిటీ నుంచి 40 కిలోమీటర్ల పైనే. అక్కడికి మారితే ఇంట్లోంచి బయల్దేరే టైమే మారిపోతుంది.

అసలు చిక్కు ఢిల్లీలో. అక్కడ టి1 ఒకచోట, టి3 ఇంకోచోట, మధ్యలో కిలోమీటర్ల దూరం. టికెట్ మీద ముందు అది చూడండి. విమానం మారాలంటే రెండూ ఒకే టికెట్టా, కాదా చూడండి. వేరువేరైతే సామాను మీరే తీసుకుని మళ్లీ అప్పగించాలి. గేటు నంబరు ఆఖర్లో కూడా మారొచ్చు, బోర్డు మీద ఓ కన్నేసి ఉంచండి.

ఇవి ఏ సిలబస్‌లోనూ లేవు. కొన్ని ఇళ్లలో మేనమామలు, బాబాయిలు అన్నం తింటూ చెప్పేస్తారు. ఆ పిల్లలు ఇంటర్వ్యూకి ధీమాగా వెళ్తారు. దానికి లోకం పెట్టిన పేరు మెరిట్. మన అయ్యలకి తెలిసింది పోర్టు గేటు, స్టీల్‌ప్లాంట్ గేటు.

1913లో అంబేడ్కర్ న్యూయార్క్ వెళ్లారు. అంతకుముందు వెళ్లొచ్చి దారి చెప్పినవాళ్లు ఆ ఇంట్లో లేరు.

యూనిఫాం చూసి జంకకండి, అడగండి. వెళ్లొచ్చాక హాస్టల్ గ్రూపులో రాయండి: ఏ టెర్మినల్, ఎంతసేపు పట్టింది, ఎంత ఖర్చయింది. తర్వాత వెళ్లేవాళ్లకి మనమే ఆ మేనమామలం.

జై భీమ్.