కామ గట్టిదైతేనే... కట్టె కదిలేది!

నూజివీడు నుంచి తిరువూరు వెళ్లే దారిలో వస్తుంది విస్సన్నపేట. చుట్టుపక్కల ఎటు చూసినా మామిడి తోటలే. వేసవిలో ఎవరైనా ఇటు వస్తే రసాల కోసమో, బంగినపల్లి కోసమో వస్తారు. నేను మాత్రం ఈసారి కట్టెల కోసం వెళ్లాను.

2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోది. ఇక్కడ తోట ముదిరి కాపు తగ్గితే చెట్లు కొట్టేస్తారు. లావు మొద్దులు చెక్క కోతకు పోతే, కొమ్మలు పొయ్యిలోకి వస్తాయి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి ఇళ్లలో గ్యాస్ పొయ్యి వెలిగించాయి. అయినా పెళ్లివంటల గాడిపొయ్యికీ, ఇటుక బట్టీకీ కట్టె కావాల్సిందే. నరికేది ఒక ఎత్తు అయితే, నరికింది జరపడం, పేర్చడం, బండికెత్తడం మరో ఎత్తు. నడుములు పోయేది అక్కడే.

అడితిలో ఓ పెద్దాయన గొడ్డలికి కొత్త కామ తొడుగుతున్నారు. ‘‘రాత్రి నీళ్లలో నానేస్తే బిగుసుకుంటుంది కదా బాబాయ్?’’ అన్నాను. ఆయన నవ్వారు. ‘‘బిగుసుకుంటది బాబూ... మధ్యాహ్నం ఎండకి ఊడిపోద్ది!’’

నా ఒళ్లు జలదరించింది. చిన్నప్పుడు మా దొడ్లో జరిగింది అదే. రాత్రంతా నానిన గొడ్డలి మూడో దెబ్బకే ఊడి, తమ్ముడి పక్కనుంచి వెళ్లి గోడకు గుచ్చుకుంది. జానెడు అటూ ఇటూ అయితే... ఇప్పటికీ తల్చుకోబుద్ధి కాదు.

అలా ఎందుకు ఊడుతుందంటే, తడిసిన కొయ్య ఉబ్బుతుంది. చుట్టూ ఇనుము ఉంది కాబట్టి బయటికి పెరగలేక, లోపలి పీచే నలిగిపోతుంది. ఆరాక ముందుకన్నా సన్నబడుతుంది. ప్రతిసారీ నానబెట్టామంటే ప్రతిసారీ వదులు చేసుకున్నామన్నమాట. బాగా ఆరిన కర్రను తొడిగి, పైన కొయ్య చీల దిగ్గొట్టడమే సరైన పద్ధతి.

మరి కామ ఎలా ఎంచుకోవాలి? తుమ్మ, చిరుమాను దెబ్బకు ఓర్చుకుంటాయి. ఇదే జిల్లాలోని కొండపల్లిలో బొమ్మలు చెక్కే తెల్లపొణికి ఎంత ముద్దుగా ఉన్నా కామకు పనికిరాదు, మెత్తన. అమెరికాలో హికరీ, ఇంగ్లండులో యాష్ కర్ర వాడతారు. ఏ చెట్టయినా పరీక్ష ఒక్కటే... కర్రను కంటికి ఎదురుగా పెట్టి చూడండి. గీతలు ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా సాగాలి. మధ్యలో పక్కకు జారిపోతే, విరిగేది సరిగ్గా అక్కడే. ముడి ఉండకూడదు. రంగు పూసిన కామ వద్దు. రంగు కింద ఏ లోపం దాగుందో కనిపించదు.

కట్టెను గొడ్డలితో పొడిచి లాగడం మనకు అలవాటు. జారితే అంచు వచ్చేది మన కాలి మీదికే! అమెరికా, కెనడాల్లో ఇందుకు హుకరూన్ అని ప్రత్యేకంగా ఓ పనిముట్టు ఉంది. పొడుగు కామ, చివర చిలుక ముక్కులాంటి ఇనుప కొన. హమాలీల బస్తా కొక్కేనికి పెద్దన్న లాంటిది. కమ్మరి కొలిమిలో చేయించుకోవచ్చు. పెద్దగా వంగకుండానే కట్టెకు అందేంత పొడవు కామ ఉండాలి. కొన దిగిందో లేదో ముందు మెల్లగా లాగి చూసి, తర్వాతే బలం పెట్టాలి. కట్టె వచ్చే దారిలో కాళ్లు పెట్టకూడదు.

ఇక పోషణ. పని అయ్యాక మట్టి తుడిచి నీడన పెట్టండి. ఎండ, వాన, పొయ్యి సెగ... మూడూ కామకు పగే. గరుకు తేలితే గాజు కాగితంతో రుద్ది, అవిసె నూనె పలచగా పట్టించి, మిగిలింది తుడిచేయండి. ఆముదమైతే ఆరక జిగటగా ఉండిపోతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డను మాత్రం ఉండ చుట్టి పడేయొద్దు, తనంతట తానే అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరుబయట ఆరేయండి. కామ చీలితే తీగ చుట్టి సరిపెట్టకండి, మార్చేయండి. ఎండాకాలం మొదట్లో ఓసారి అన్ని పనిముట్లూ ఊపి చూసుకోండి. ఇనుము కదిలిందా, ఆ రోజు పనికి తీయొద్దు.

తిరుగు బస్సు ఎక్కాక నాన్నకు ఫోన్ చేశాను.

‘‘నాన్నా, మన గొడ్డలి ఎక్కడుంది?’’

‘‘రేపు చింతకొమ్మ కొట్టాలి కదరా... గోలెంలో వేశా.’’

‘‘ముందు దాన్ని బయటికి తీయండి నాన్నా. నేనొచ్చి కొత్త కామ తొడుగుతాను.’’