ఊపిరి కొలత

బియ్యమును సోలతో కొలిచి యెసటిలో పోయుదుము. జ్వరమునకు థర్మామీటరు కలదు. మన దేహమునకు గల దమ్మును గూడ కొలువవచ్చునని మనలో నెందఱెఱుగుదురు?

ట్రెడ్‌మిల్లు అనునది వెనుకకు జరుగుచుండు పట్టా. దానిపై నెంత నడచినను ఉన్నచోటనే యుందుము. 1818లో విలియం క్యూబిట్టను ఆంగ్లేయ యంత్రకారుడు చెఱసాలలోని ఖైదీలచే త్రొక్కించుటకై మెట్లచక్రమొకటి కల్పించెను. ట్రెడ్‌మిల్లను పేరు దానిదే. నాడు శిక్షగా త్రొక్కినదానిని నేడు రుసుము చెల్లించి త్రొక్కుచున్నాము!

అమెరికాలోని సియాటిల్ నగరమున రాబర్టు బ్రూసను వైద్యుడు ఏర్పఱచిన క్రమమే నేటికిని పెక్కు ఆసుపత్రులలో నడచుచున్నది. మొదటి మూడు నిమిషములు గంటకు 2.7 కిలోమీటర్ల వేగము, నూటికి 10 వంతుల యెత్తు. పిదప మూడు నిమిషముల కొకసారి రెండును పెరుగును. మూడవ దశలో వేగము 5.5 కిలోమీటర్లు, ఎత్తు నూటికి 14 వంతులు. ఎంతసేపు నిలిచితిమో దానినిబట్టి, దేహమెంత ప్రాణవాయువును వాడుకొనగలదో లెక్కగట్టుదురు. ఊరక కూర్చున్నప్పటి వ్యయమును ఒక 'మెట్' అందురు.

నాకు 36 ఏండ్లు. మేడ యెక్కినంతనే ఆయాసము వచ్చుచుండుటచే, మావారు నన్ను పట్టణములోని వైద్యునికడకు గొనిపోయిరి. బయలుదేరునప్పుడు మా అత్తగారు, "తెల్లవారినది మొదలు నీ కాలు నిలువదు గదా! నీకు నడక పరీక్ష యేలనే?" అనిరి. ఆమె మాటలో న్యాయము లేకపోలేదు. కాని యిల్లూడ్చుటకు సుమారు 3 మెట్‌లు చాలును. ఒడలు హూనమగును గాని, గుండెకు సాధన కలుగదు.

నేను ఏడు నిమిషములకే చేయి యెత్తితిని. లెక్కకు 8 మెట్‌లు వచ్చినవి. గుండెగీతలలో దోషము లేదు. ఇంతకుమునుపు ఇట్టి ప్రమాణములు చాలవఱకు పురుషులను చూచి కట్టినవే. చికాగో ప్రాంతమున 5,721 మంది స్త్రీలను పరీక్షించి, 2005లో స్త్రీలకు వేఱు ప్రమాణము ప్రకటించిరి: వయస్సును 0.13తో హెచ్చించి, 14.7 నుండి తీసివేయవలెను. నాకు 10 రావలసియుండెను. తగినదానిలో నూటికి 85 వంతులకు తక్కువైనవారిలో మరణభయము రెట్టింపుగా గనబడినదట. అది వినగానే నా చిన్నబిడ్డ ముఖము కన్నులయెదుట నిలిచినది.

వైద్యుడు రక్తపరీక్షయు వ్రాసెను. హిమోగ్లోబిను 9.4 మాత్రమే. ప్రాణవాయువును మోయునది రక్తమే గదా. అది పలుచనైన దమ్మెక్కడిది? 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది.

పరీక్షకు పోవువారు చీర మాని చుడీదారు ధరింపుడు. రెండు మూడు గంటల ముందునుండి ఏమియు భుజింపరాదు. ప్రక్కకమ్మిని గట్టిగా పట్టుకొన్నచో లెక్క లేనిబలమును చూపును. ఱొమ్ము నొప్పి, తల తిరుగుట తోచినచో వెంటనే చెప్పుడు, సిగ్గుపడి యోర్చుకొనరాదు.

ఇనుపమాత్రలు మ్రింగుచు, వేకువనే నలువది నిమిషములు నడచుచున్నాను. ఆవేళ కాఫీ కలుపు పని మావారిది.