బానెట్టు క్రింద నేర్చుకొన్న పాఠము

మన పాఠశాల వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. మేము భౌతికశాస్త్రమును బోధించువారము గనుక ఉష్ణమును గూర్చియో కాంతిని గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. మేము మాత్రము మా తమ్ముని మోటారుకారును గూర్చి వ్రాయ సంకల్పించితిమి. ఇందు ఉష్ణమును గూర్చిన సంగతి కొంత కలదు; మేము చేసిన యొక పొరపాటును గూర్చిన సంగతి అంతకంటె ఎక్కువ కలదు.

శుభ్రతయందు మాకుగల పట్టుదల మన విద్యార్థులందరు ఎరిగినదే. మేము శిక్షణ కళాశాలలో చదువు దినములలో నల్లబల్లమీది గీత రవంత వంకరపోయినను మా గురువులు దానిని తుడిపించి మరల గీయించెడివారు. ఆ అలవాటు మాకు ఎముకలలో నాటుకొన్నది. మాసిన నోటుపుస్తకమును గాని కొట్టివేతలు గల జవాబును గాని చూచినంతనే మా ఎఱ్ఱ సిరా కలము తనంతట తానే లేచెడిది.

మా తమ్ముడు మాకంటె ఐదేండ్లు చిన్నవాడు. బాల్యమున అతడు విప్పని వస్తువు మా ఇంట లేదు. ఏ చొక్కాజేబు వెదకినను ఒక నట్టో ఒక తీగముక్కయో దొరకెడిది. అతడు పెద్దవాడై ఇంజనీరింగు చదివి, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున డెట్రాయిట్ నగరమునకు సమీపముగా కాపురమున్నాడు. కదలెడు వరుసపై కార్లను కూర్చు పద్ధతిని 1913లో హెన్రీ ఫోర్డుగారి కర్మాగారమువారు ప్రారంభించిన హైలాండ్ పార్కు ఆ ప్రాంతముననే యున్నది. అట్టిచోట నుండియు మా తమ్ముడు మనసు పడినది జపానుదేశపు కారుమీద! 2018వ సంవత్సరపు వేసవి సెలవులలో మేము ఐదు వారములు అతని యింట నుంటిమి. ఆ ఐదు వారములలో మేము చూచిన వింతలలో నెల్ల పెద్దది అతని కారుషెడ్డే.

ఆ కారు మాజ్డా కంపెనీవారి మియాటా. ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది. పైకప్పును వెనుకకు మడిచివేయవచ్చును. అట్టి కార్లను 1989వ సంవత్సరము ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనమున లోకమునకు తొలుత చూపిరి. 2016 నాటికి పదిలక్షలు తయారైనవట. మా తమ్మునిది 1990వ సంవత్సరపు బండి. దాని ఇంజను 1.6 లీటర్లది, నాలుగు సిలిండర్లది. బండి తేలికైనది గనుక ఆ చిన్న ఇంజనే దానిని చురుకుగా నడిపించును. అయినను మా తమ్మునికి అది చాలలేదు. దానికి టర్బోచార్జరు పెట్టుట అతని కోరిక.

చిన్న విద్యార్థులకొరకు టర్బోచార్జరు సంగతి రెండు మాటలలో చెప్పెదము. ఇంజను పెట్రోలు మండించుటకు గాలి కావలెను. మామూలు ఇంజను తన చుట్టునున్న గాలిని తానే పీల్చుకొనును. ఆ గాలి పీడనము సముద్రమట్టమున చదరపు అంగుళమునకు సుమారు 14.7 పౌండ్లు. ఇంతకంటె దట్టముగా గాలిని సిలిండరులోనికి నెట్టగలిగినచో ఎక్కువ పెట్రోలు మండించి ఎక్కువ బలమును పొందవచ్చును. నెట్టుటకు శక్తి యెక్కడిది? పొగగొట్టముగుండ వ్యర్థముగా పోవు వేడి వాయువులే ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసునకు రెండవ కొనయందున్న మరియొక చక్రము గాలిని నొక్కి ఇంజనులోనికి పంపును. ఆ చక్రములు నిమిషమునకు లక్షసారులకు మించి తిరుగగలవు. ఈ ఉపాయమునకు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందెను. అది ఓడల డీజిలు ఇంజనులకు ఉపయోగపడెను; 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వైర్ మోంజా స్పైడర్ అను రెండు కార్లకు అమర్చి ప్రజలకు అమ్మిరి.

అయితే సైకిలు పంపు కొట్టిన ప్రతి బాలునికి తెలిసినట్లు, గాలిని నొక్కినచో అది వేడెక్కును. వేడిగాలి ఇంజనుకు కీడు. సిలిండరులో మంట క్రమముగా వ్యాపింపక, మిగిలిన మిశ్రమము సమయమునకు ముందే ఒక్కుమ్మడిగా ప్రేలినచో పిస్టను పగిలిపోవచ్చును. కావున నొక్కిన గాలిని చల్లార్చుటకు ముందుభాగమున ఇంటర్‌కూలరు కావలెను. పీడనము హద్దు మీరకుండ వేస్ట్‌గేటు అను తలుపు కావలెను. పీడనము నిర్ణీతమైన మేరకు చేరగానే ఒక సన్నని గొట్టము ఆ వార్తను వేస్ట్‌గేటునకు అందించును. తలుపు తెరచుకొని, పొగలో కొంత భాగము చక్రమును త్రిప్పకయే ప్రక్కదారిని పోవును. మా తమ్ముడు పెట్టుకొన్న హద్దు చదరపు అంగుళమునకు 7 పౌండ్ల అదనపు పీడనము. ఆ సన్నని గొట్టమును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. మా కథ దానితోనే యున్నది.

మేము చేరునప్పటికి ఇంజను తిరిగి కారులో కూర్చున్నది. బానెట్టు క్రింది గదినంతయు కడిగి, ఎఱ్ఱరంగు వేసి అద్దమువలె నుంచినాడు. మేము ఆశ్చర్యపడి, “చిన్ననాడు నీ అరలో పుస్తకము దొరకెడిది కాదు గదరా! ఇంత శుభ్రత ఎక్కడ నేర్చితివి?” అంటిమి. అతడు నవ్వి, “ఇది సోకునకు కాదు అన్నయ్యా. ఆయిలు చుక్క కారినచో వెంటనే కనబడవలెను,” అనెను.

ఆ మాట మాకు పూర్తిగా బోధపడుటకు కొన్ని దినములు పట్టెను. తీగలను, గొట్టములను నడుపుటయందు అతడు నాలుగు నియమములను పాటించెడివాడు. మొదటిది, వేడికి దూరము. టర్బైను పెట్టె బండి గట్టిగా లాగునప్పుడు ఎఱ్ఱగా కాలునంత వేడెక్కును గనుక దాని చేరువను రబ్బరు నిలువదు. రెండవది, కదలికకు చోటు. ఇంజను రబ్బరు దిమ్మలమీద కూర్చుండి ఊగుచుండును గనుక బిగదీసి కట్టిన తీగ తెగును. మూడవది, చేతికందుట, మరమ్మతునకు పానా పట్టనిచోట ఏదియు నుండరాదు. ఈ మూడును కుదిరిన పిమ్మటనే నాలుగవది, అందము. టర్బోనుండి దిగు ఆయిలు గొట్టమును చూపి అతడిట్లనెను: “ఈ ఆయిలు తన బరువుచేతనే క్రిందికి జారవలెను. అందముకొరకు దీనిని ఎక్కడనైన మీదికి వంచితినా, ఆయిలు నిలిచిపోయి, పొగలోనికి కారి, బండి వెనుక నీలిపొగ లేచును.”

మేమును సాయపడితిమి. దీపము పట్టుకొంటిమి; నట్లను వరుసగా గిన్నెలలో పోసితిమి. ప్రతి తీగకు ఒక కాగితపు చీటీ అంటించి పేరు వ్రాయు పని మా కప్పగింపబడెను. “తెలుగులోనే వ్రాయుము. నాబండి నెవరైన దొంగిలించినచో మరమ్మతు చేసికొనలేరు,” అని అతడు వేళాకోళమాడెను. మా దస్తూరి ముత్యములవలె నున్నదని మరదలు మెచ్చుకొనగా మాకు కొంచెము గర్వము కలిగినమాట నిజము.

ఆ గర్వమే కీడు తెచ్చెను. ఒక సాయంకాలము తమ్ముడు బజారునకు వెళ్లియుండగా మేమొంటరిగా షెడ్డులో నుంటిమి. అన్నియు వరుసగా నున్నవి. ఒక్క సన్నని గొట్టము మాత్రము పెద్ద వంపు తిరిగి, కోతితోకవలె మా కంటికి వికారముగా కనబడెను. అది వేస్ట్‌గేటు గొట్టము. మేము దానిని తీగల కట్టవెనుకకు నెట్టి, ఒక మూలవద్ద చక్కగా సమకోణముగా మలచి, ప్లాస్టిక్కు పట్టీతో బిగించితిమి. చూచుటకు నల్లబల్లమీది గీతవలె నుండెను. తమ్మునితో చెప్పవలెనని తోచలేదు. చెప్పదగినంత పనియని అనుకొననే లేదు.

మరునాడు బండిని ఊరివెలుపలి దారికి తీసికొనిపోతిమి. ఇంజను బాగుగా వేడెక్కిన తరువాత అతడు మూడవ గేరులో ఒకమారు గట్టిగా త్రొక్కెను. సన్నని ఈల వినబడెను. మా వీపు కుర్చీకి అదుముకొనెను. గేజీముల్లు 7 చేరెను, నిలువలేదు, 8, 9, 10. అంతలో కంప్యూటరు పెట్రోలును ఆపివేసెను. ఎవరో ముందునుండి నెట్టినట్లు బండి ఒక్క కుదుపు కుదిపెను. హద్దు మీరినచో ఆపివేయునట్లు అతడు ముందే ఏర్పాటు చేసియుండుటచేత ఇంజను దక్కెను. అతడు మాటలాడక బండిని మెల్లగా ఇంటికి త్రిప్పెను.

“నేనే ఏదియో పొరపాటు చేసియుందును,” అని అతడు షెడ్డులో కూర్చుండి కంప్యూటరులోని పట్టికలను వరుసగా పరిశీలింప నారంభించెను. మాకు గొట్టము జ్ఞాపకము వచ్చెను. అయినను మేము పలుకలేదు. భోజనము సహింపలేదు. “అదే కారణమని యెట్లు చెప్పగలము?” అని ఒక మనస్సు, “చెప్పక యుండుటెట్లు?” అని మరియొక మనస్సు. ఇరువది సంవత్సరములు పిల్లలను తప్పు ఒప్పుకొమ్మని బోధించిన మేము, నలువదిమూడేండ్ల వయస్సున, కన్నతమ్ముని యెదుట నోరు తెరువలేక రాత్రి పదకొండు గంటలవరకు పడకమీద దొర్లితిమి. షెడ్డులో దీపమింకను వెలుగుచుండెను. ఆ తప్పు తనదేయని అతడు వెదకుచుండెను. తుదకు లేచి వెళ్లితిమి. ఈ వ్యాసమందు “మేము” అని వ్రాయుచున్నాము గాని, ఆ రాత్రి ఆ మాట పనికి రాలేదు. “ఆ గొట్టమును నేనే మార్చి కట్టితినిరా,” అంటిమి.

అతడు దీపమెత్తి చూచెను. పట్టీని కత్తిరించి గొట్టమును బయటికి తీసెను. మేము మలచిన మూలవద్ద అది వేడికి మెత్తబడి మడతపడియుండెను. ఆ మడతతోనే ఒక కొనను నోటబెట్టి ఊదెను. గాలి ఆవలికి పోలేదు. వార్త చేరనందున తలుపు తెరచుకొనలేదు. కొంతసేపు ఇద్దరమును ఊరకుంటిమి. పిమ్మట అతడు, “అన్నయ్యా, నాన్నగారి గోడగడియారము జ్ఞాపకమున్నదా?” అని అడిగెను.

జ్ఞాపకమున్నది. 1989లో, మాకు పదునాలుగేండ్లు, అతనికి తొమ్మిది. అతడు గడియారమును విప్పి తిరిగి కూర్పలేక, ఎవరును అడుగకముందే మాయొద్దకు వచ్చి చెప్పెను. మేము చెంపమీద కొట్టితిమి. గడియారము అటకకెక్కెను.

“దెబ్బ మరచితిని అన్నయ్యా,” అనెను. “కాని ఆ దినమునుండి ఏ వస్తువు చెడినను ముందు దాచుట నేర్చితిని. ఇక్కడ ఉద్యోగములో చేరిన తరువాతగూడ దాచితిని. ఆ అలవాటు వదలించుకొనుటకు చాలకాలము పట్టినది. ఈ బానెట్టు క్రింద అన్నియు కంటికి కనబడునట్లు పెట్టుట అందుకొరకే.”

అతని మాటలో నిష్ఠురము లేదు. ఉన్నయెడల మాకు సులభముగా నుండెడిది.

మరునాడు ఆ గొట్టమును మరల పెద్ద వంపుతో, అందరికి కనబడునట్లు అమర్చితిమి. ముల్లు 7 చేరి అచ్చటనే నిలిచెను. మా దస్తూరితో నున్న చీటీ ఆ గొట్టముమీద ఇప్పటికిని ఉన్నదట.

సెలవులు ముగిసి బడికి వచ్చిన తరువాత, ప్రయోగముల పుస్తకములు దిద్దుచుండగా ఒక బాలుని పుస్తకమున ఒక కొలత కొట్టివేసి ప్రక్కన వేరొకటి వ్రాసియుండెను. కలము అలవాటుచొప్పున లేచెను. ఆపి, ఎందుకు కొట్టివేసితివని అడిగితిమి. “ముందు తప్పుగా చూచితినండి, మరల చూచి వ్రాసితిని,” అని అతడు భయముతో చెప్పెను. అతని ప్రక్కవాని పుస్తకము మచ్చలేక మెరయుచుండెను. అందలి కొలతలు ఇంకొకరి పుస్తకమునుండి ఎత్తివ్రాసినవి. ఇన్నేండ్లలో ఇట్టి పుస్తకముల కెన్నింటికి మంచి మార్కులిచ్చితిమో లెక్క పెట్టుటకు మాకు ధైర్యము చాలలేదు.

విద్యార్థులారా, శుభ్రతను విడువుమని మేము చెప్పుటలేదు. చక్కని గీతను మేమిప్పటికిని మెచ్చుదుము. కాని తప్పును బయటపెట్టు శుభ్రత వేరు, తప్పును కప్పిపుచ్చు శుభ్రత వేరు. తలిదండ్రులకు మా మనవి యొక్కటే: బిడ్డ తానై వచ్చి చెప్పినప్పుడు చేయి ఎత్తకుడు. ఆ చేయి ఆపుకొనుట ఎంత కష్టమో మాకు తెలియును; ఆపుకొననిచో ఏమగునో ఇప్పుడు తెలిసినది.

2019 క్రిస్మసునకు తమ్ముడు ఇంటికి వచ్చినప్పుడు అటకమీది గడియారమును దింపితిమి. అతడు బల్లమీద పాతదుప్పటి పరచి విప్పెను. మేము దీపము పట్టుకొంటిమి. అది ఇప్పుడు మా హాలులో నడచుచున్నది. దినమునకు నాలుగు నిమిషములు వెనుకబడును. ప్రతి ఉదయమును మేము ముల్లును సవరించుచున్నాము.