ఎర్ర కవరు

బ్రిటన్‌లో మే నెల వచ్చిందంటే చాలా వీధుల్లో గుమ్మం తలుపు సందులోంచి చిన్న ఎర్ర కవరొకటి లోపల పడేది. క్రిస్టియన్ ఎయిడ్ వారం గుర్తు అది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో, యూరప్ శరణార్థుల కోసం బ్రిటన్, ఐర్లండ్ చర్చిలు కలిసి పెట్టిన సంస్థ క్రిస్టియన్ ఎయిడ్. తర్వాత ఆసియా, ఆఫ్రికాల వైపూ చూసింది. వారం మాత్రం 1957లో మొదలైంది.

నాకు సంస్థ కంటే ఆ కవరు పట్టుకుని తిరిగే మనిషి మీదే ఆసక్తి. మెడలో గుర్తింపు కార్డు, భుజాన సంచి. కవరు వేసి వెళ్లిపోతే పని అయిపోదు, నాలుగు రోజులాగి మళ్లీ తలుపు తట్టాలి. ఇచ్చినవాళ్లు కవరు అంటించే ఇస్తారు. లోపల ఎంతుందో అడిగినవాళ్లకు తెలియదు. ఇరుగుపొరుగు మధ్య చందా వసూలుకి ఇంతకు మించిన మర్యాద నాకు కనపడలేదు. మన పందిళ్ల దగ్గర మైకులో పేరూ అంకే చదువుతాం కదా!

మనకూ ఇలాంటి చేతుల రుణం ఉంది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ వెనుక అమెరికాలో లూథరన్ స్త్రీల సమాజాలు ఉన్నాయి. 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. కుగ్లర్ పేరు గుంటూరులో ఇంకా వినిపిస్తుంది. విరాళాలు పోగుచేసిన ఆ ఆడవాళ్ల పేర్లు ఇక్కడ ఎవరికి తెలుసు?

ఇప్పుడు బ్రిటన్‌లో కవరు పట్టుకుని తిరిగేవాళ్లకు వయసు మీదపడింది, ఇచ్చేవాళ్లు ఫోన్లోనే పంపేస్తున్నారు. డబ్బు చేరుతుంది, సరే. “ఇది ఎక్కడికి పోతుందండీ?” అని గుమ్మంలో నిలబెట్టి అడగడానికి మాత్రం ఎదురుగా ఎవరూ ఉండరు.