‘శుభం’ కాదు, ‘ఫిన్’!

మన పాత సినిమా ముగియగానే తెర మీద ‘శుభం’ పడేది గుర్తుందా? స్పానిష్ సినిమాల్లో అదే చోట ‘ఫిన్’ అని పడేది. ముగింపు అని అర్థం. చిన్న మాటే గదా అని తీసిపారేయకండి! వేంపల్లెలో కూచుని స్పానిష్ నేర్చుకుంటున్న నన్ను అది వారం రోజులుగా పట్టుకొని వదలడం లేదు.

బున్యుయేల్ సినిమాలను సబ్‌టైటిళ్ళ దయ లేకుండా చూడాలని నా పంతం. 1961లో కాన్‌లో అగ్ర బహుమతి పంచుకున్న ‘విరిడియానా’ ఆయనదే. సొంత గడ్డ స్పెయిన్‌లో మాత్రం 1977 దాకా దానికి విడుదల యోగం పట్టలేదు!

సరే, ‘ఫిన్’ సంగతి. దానికి ఉద్దేశం అనే అర్థమూ ఉంది. ‘వేర్’ అంటే చూడటం. ‘కోన్ ఎల్ ఫిన్ దె వేర్’ అంటే చూసే నిమిత్తం. ఇది కాస్త కాగితాల భాష. మనమూ అర్జీలో ‘వైద్యం నిమిత్తం’ అని రాసి, బస్సులో ఎవరైనా అడిగితే ‘ఆస్పత్రిలో చూపించుకునేదానికి పోతాండా’ అంటాం కదా! అట్లా నోటి మాటకు వాళ్ళకు ‘పారా వేర్’ చాలు.

మా అమ్మకు ఇదంతా రుచించదు.

‘‘ఈ బాస దేనికి నాయనా? ఎవురితో మాట్లాడతావు?’’

రాసిన వ్యాసానికి పైకం ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో అది న్యాయమైన ప్రశ్నే. ‘దేనికి’ అన్నదాన్ని స్పానిష్‌లో ‘కోన్ కే ఫిన్’ అనొచ్చు.

‘‘సినిమాలు చూసేదానికిమ్మా’’ అన్నాను.

‘‘చూసి?’’ అంది.

పాఠం ఇంకా అంతదాకా రాలేదు.