గెడ్డ నీళ్లు

అరకు, పాడేరు కొండల్లో గెడ్డ నీళ్లు అద్దంలా ఉంటాయి, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. తేటగా ఉన్నంత మాత్రాన అవి మంచినీళ్లు కావు. పై వాలులో మేసిన పశువుల పేడ ఒక్క వానకి అందులోకే దిగుతుంది. ఈ-కోలై, జియార్డియా లాంటివి కంటికి కనపడవు, నాలుకకి తెలియవు. పారే నీరు తనంతట తానే శుభ్రపడుతుందంటారు. ఎండ, ఇసుక కొంత చేస్తాయి, నిజమే. కానీ మలుపు అవతలే పశువులు దిగితే ఆ కాస్త పరుగు ఏం కడుగుతుంది?

అక్కడివాళ్లు తాగట్లేదా అంటారు. తాగుతారు, చాలాచోట్ల రాతి సందులోంచి ఊరే ఊటనీళ్లు. అయినా వానాకాలంలో ఏజెన్సీ పల్లెల్ని అతిసారం వదలదు. వాళ్లకి వేరే దారి లేకపోవడాన్ని మన ధైర్యానికి సాక్ష్యంగా చూపడం అన్యాయం. నీళ్లు కుతకుత తెర్లాక ఇంకో నిమిషం పొయ్యి మీద ఉంచితే ఆ క్రిములన్నీ చస్తాయి.