జాబుకు జవాబు

ఇంట చెప్పుకోలేని మాటకు పత్రికలో చోటు కల్పించిన శీర్షిక ‘ప్రమదావనం’. ‘హృదయనేత్రి’ నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన మాలతీ చందూర్, ఆంధ్రప్రభ వారపత్రికలో నాలుగు దశాబ్దాలకు పైగా దీనిని నిర్వహించారు. సంసారం, చదువు, ఉద్యోగం, వంటావార్పూ అన్నీ అందులో ప్రశ్నలే.

ఇటువంటి జాబులకు బదులు వ్రాయటం సులభం కాదు. జాబులో కన్పించేది ఒకరి పక్షమే. ఆ ఇంటి తక్కినవారి మాట అందులో వినబడదు. అయినా ఆ నాలుగు వాక్యాలను నమ్మి ఒక యువతి చదువు మానవచ్చు, కొనసాగించనూవచ్చు. కనుక జవాబిచ్చేవారు తీర్పరులు కారాదు. తెలిసినంతవరకే చెప్పాలి, తెలియనిచోట వైద్యుని, న్యాయవాదిని సంప్రదించమనాలి. దారులు చూపి, నిర్ణయాన్ని అడిగినవారికే విడిచిపెట్టాలి. ఆ బ్రతుకు బ్రతకవలసింది వారే కదా!